‘స్ఫూర్తి’ అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం అనుబంధంలో కెన్యాలో పుట్టిన కళాకారిణి వంగేచి ముటు కొలాజ్‌ల (పత్రికల్లోంచి కత్తిరించిన ముక్కలు అతికించి కట్టే బొమ్మల) మీద మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆవిడ గురించి తెలుగు పేపర్లో పూర్తి పేజీ రావడం నాకు నిజంగా సంతోషం, ముందు ఆ మాట చెప్పాలి. కానీ అందులో ఒకచోట ‘జర్మన్ కళాకారిణి హన్నా హోఖ్ స్ఫూర్తితో’ అని రాసి ముందుకెళ్లిపోయారు. ఆ హోఖ్ ఎవరు, ఆవిడ దగ్గర ముటు ఏం తీసుకుంది, తీసుకున్నదాన్ని ఏం చేసింది, ఒక్క వాక్యమైనా లేదు. మా ఇంట్లో వ్యాసం చదివినవాళ్లు ‘ఓహో, అయితే కాపీయేనన్నమాట’ అని పేజీ తిప్పేశారు. వాళ్లని నేను తప్పుపట్టను, చదివినదాన్ని బట్టి అంతకంటే ఏం అనుకుంటారు? కానీ నాకు మాత్రం మనసు చివుక్కుమంది, అందుకే ఇది రాస్తున్నాను.

హోఖ్ 1889లో పుట్టింది, 1978లో చనిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక బెర్లిన్‌లో డాడా బృందం, అంటే పాత కళనీ పెద్దమనుషుల పద్ధతుల్నీ ఎగతాళి చేసిన కళాకారులు, పెట్టిన గొడవంతటిలో ఆవిడా ఉంది. అప్పట్లో ఆవిడ ఉద్యోగం ఒక పెద్ద పత్రికల కంపెనీలో, ఆడవాళ్ల కోసం లేసు అల్లికలు, ఎంబ్రాయిడరీ నమూనాలు గీసి ఇవ్వడం. అంటే పొద్దున లేస్తే ఫొటోల పత్రికల మధ్యే. ఆ పత్రికల్నే కత్తిరించి 1919–20లో ‘వంటింటి కత్తితో’ అనే అర్థం వచ్చే పొడుగాటి పేరుతో ఒక బొమ్మ కట్టింది. 114 సెంటీమీటర్ల ఎత్తు, 90 వెడల్పు. దాన్ని దగ్గరగా చూడండి. జర్మన్ చక్రవర్తి విల్‌హెల్మ్ ముఖం మీద మీసాల చోట ఇద్దరు మల్లయోధులు ఉంటారు. కేథే కోల్‌విట్జ్ అనే గొప్ప చిత్రకారిణి తల ఒకటి గాల్లో తేలుతుంటే, దాని కింద తల లేని ఒక నర్తకి ఒళ్లు ఉంటుంది. మధ్యలో చక్రాలు, బేరింగులు, జనం గుంపులు. కింద కుడి మూలన ఒక చిన్న మ్యాప్, యూరప్‌లో ఆడవాళ్లకి ఓటు హక్కు ఉన్న దేశాలది. జర్మనీలో ఆడవాళ్లు మొదటిసారి దేశమంతటా ఓటేసింది 1919 జనవరిలో, అంటే ఈ బొమ్మ కట్టిన రోజుల్లో అది తాజా వార్త. ఆ మ్యాప్ అంచున, వెతికితే గానీ కనబడనంత చిన్నగా, హోఖ్ తన ముఖమే కత్తిరించి అతికించుకుంది.

1920లో డాడా వాళ్ల పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు ఆవిడ బొమ్మలు పెట్టనివ్వడానికి ఆ బృందంలోని జార్జ్ గ్రోస్, జాన్ హార్ట్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు. అదే బృందంలోని రావుల్ హౌస్‌మన్ నేనూ తప్పుకుంటానని పట్టుబట్టాకే ఆ బొమ్మలు లోపలికి వెళ్లాయి. తర్వాత ఎన్నో ఏళ్లకి ఇంకో డాడా కళాకారుడు హాన్స్ రిక్టర్ ఆ రోజుల జ్ఞాపకాలు రాస్తూ, డబ్బుకి కటకటగా ఉన్నా ఆవిడ ఎలాగో సమకూర్చిన శాండ్‌విచ్‌లు, బీరు, కాఫీలని తలుచుకున్నారు. బొమ్మలు కట్టిన మనిషిని తిండి పెట్టిన మనిషిగా తలుచుకోవడమేమిటని, ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. అలాంటి మనిషి పేరుని మనం కూడా ‘స్ఫూర్తితో’ అన్న మాట ముందు ఒక్కసారి తగిలించి వదిలేస్తే ఎలా చెప్పండి?

ఇక ముటు సంగతి. హోఖ్ 1920ల నుంచి ‘ఎథ్నోగ్రాఫిక్ మ్యూజియం (వేరే వేరే జాతుల వస్తువులు పెట్టే మ్యూజియం) నుంచి’ అని ఒక వరుస బొమ్మలు చేసింది. అందులో 1930 నాటిది ఒకటి ఇప్పుడు న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది, పేరు ‘ఇండియన్ డాన్సర్’. మూకీ సినిమాలో జోన్ ఆఫ్ ఆర్క్ వేషం వేసిన ఫాల్కనెట్టి అనే నటి ముఖం తీసుకుని, దాని మీద సగానికి ఆఫ్రికాలోని కామెరూన్ మాస్క్ ముక్క అతికించి, తల మీద చెంచాలు, కత్తుల ఆకారాలతో కిరీటం పెట్టింది. అద్భుతమైన బొమ్మ, అందులో నాకు సందేహం లేదు. కానీ పేరులో ఉన్న ఇండియా బొమ్మలో లేదు, ఆ మాస్క్ చెక్కిన మనిషెవరో బొమ్మ చెప్పదు. యూరప్ ఆడదాని గురించి మాట్లాడటానికి హోఖ్‌కి ఆఫ్రికా ఒక మ్యూజియం వస్తువుగా పనికొచ్చింది, అంతవరకే.

ముటు 1972లో నైరోబీలో పుట్టింది, అమెరికాలో యేల్‌లో శిల్పం చదువుకుంది. 2004–06 ప్రాంతంలో ఆవిడ చేసిన ఒక వరుసలో, పందొమ్మిదో శతాబ్దపు వైద్య పుస్తకాల్లో గర్భాశయ వ్యాధుల్ని చూపించే బొమ్మల కాగితాలే పునాది. ఆ రోగాల బొమ్మే తల అవుతుంది, దాని మీద పత్రికల్లోంచి కత్తిరించిన కళ్లు, పెదాలు, పైన గ్లిటర్ తళుకు. చూస్తుంటే ముందు అందంగా ఉంటుంది, తర్వాత కడుపులో దేవినట్టు అవుతుంది, అయినా కళ్లు తిప్పుకోలేం. అదే కత్తెర, అదే జిగురు, ముక్కల ముఖం కట్టే పద్ధతీ అదే. కాకపోతే ఇన్నాళ్లూ వేరేవాళ్లు ఫొటోలు తీసి పత్రికల్లో వేసుకున్న నల్లజాతి ఆడవాళ్ల ఒంటిని, ఈసారి ఆ ఒళ్లు తనదైన మనిషే కత్తిరిస్తోంది. హోఖ్ వదిలేసిన ప్రశ్నని హోఖ్ పనిముట్టుతోనే అడగడం ఇది. దీన్ని కాపీ అంటే నేను ఒప్పుకోను.

కొలాజ్‌ని అసలు కాపీ కొట్టడం కుదరదని నాకు చేతులతో తెలిసింది. ఒకసారి ఆ ‘ఇండియన్ డాన్సర్’ లాంటిది చేద్దామని పాత పత్రికలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక నటి ముఖం దొరికింది. జుట్టు చుట్టూ కత్తిరించాలా, జుట్టు వదిలేసి నుదురు దగ్గర ఆపాలా, చెవి ఉంచాలా తియ్యాలా, అక్కడే గంట గడిచిపోయింది, ఎందుకంటే ఎక్కడ ఆపితే అక్కడ ముఖం ఇంకో మనిషిది అయిపోతోంది. పైగా ఆవిడ ముందున్న పత్రికలు ఆవిడ కాలానివి, నా ముందున్నవి నావి. చివరికి తయారైనదాంట్లో హోఖ్ బొమ్మ పోలిక ఎక్కడా మిగల్లేదు.

ఇంకొకరి కళలోంచి అప్పు తీసుకున్నవాళ్లు ఆ సంగతి దాచుకోవాల్సిన పనీ లేదు. మార్సెల్ డ్యూషాంప్ అనే ఫ్రెంచ్ కళాకారుడు 1917లో మూత్రశాల పింగాణీ తొట్టిని ‘ఫౌంటెన్’ అని ప్రదర్శనకి పంపితే, అమెరికన్ కళాకారిణి షెర్రీ లెవీన్ 1991లో అలాంటిదే కంచులో పోత పోయించి పేరులోనే డ్యూషాంప్ పేరు పెట్టేసింది. తన ఒంటినే కళగా జనం ముందు పెట్టే మరీనా అబ్రమోవిచ్ 2005లో వేరే కళాకారులు అలా చేసిన పాత ప్రదర్శనలు మళ్లీ చేసేముందు వాళ్ల అనుమతులు అడిగింది, వాళ్లలో క్రిస్ బర్డెన్ ఇవ్వనంటే ఆయనది మానేసింది. కళాకారులే ఇంత బాహాటంగా ఉన్నప్పుడు రాసేవాళ్లు రెండు వాక్యాలు ఎక్కువ రాయలేరా?

ఇంకొక్క విషయం. మీరు హోఖ్ బొమ్మని స్టాంపు బిళ్లంత వేశారు, చోటు సరిపోక కాబోలు కింద కుడి వైపు కోసేశారు. ఆ మ్యాప్, ఆవిడ ముఖం ఉన్న మూల అదే. దయచేసి ఈ ఆదివారం ఆ బొమ్మని, ముటు బొమ్మ ఒకదాన్ని పక్కపక్కన, రంగుల్లో, మూలలు కొయ్యకుండా మళ్లీ వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకురాలు