మరమ్మతులోనే పుట్టే పగుళ్ల మాటేమిటి?

సంపాదకులకు,

శంషాబాద్ చుట్టూ విమానాల మరమ్మతు కేంద్రాలు పెరుగుతున్నాయన్న వార్తలు తరచూ చదువుతున్నాం. ఎన్ని కోట్ల పెట్టుబడి, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఉద్యోగాలు అన్నీ రాస్తున్నారు, సంతోషం. విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించిన భాగం సరిగ్గా ఉందని ఎలా తేలుస్తారన్నది మాత్రం "ఆధునిక పరికరాలతో పగుళ్లు పరీక్షిస్తారు" అన్న ఒక్క వాక్యంతో అయిపోతోంది. విమానం చక్రాలను మోసే కాళ్లయిన ల్యాండింగ్ గేర్ సంగతిలో ఆ వాక్యం పాఠకులకు లేని ధీమా ఇస్తుంది. చివర్లో చేసే పగుళ్ల పరీక్ష ఒక్కటే గేర్‌ను కాపాడలేదు. మరమ్మతులో ఒక్కో మెట్టు దగ్గర ఏం జరిగిందో కాగితం మీద ఉండాలి. పని చేయించుకునే విమాన సంస్థ ఆ కాగితాలు అడిగి చదవాలి. ఎందుకో వివరంగా చెప్పాలనే ఈ లేఖ.

దేశీయ మార్గాల్లో తిరిగే ఏ320 తరహా విమానం రోజుకు ఐదారుసార్లు దిగుతుంది. దాని గేర్‌ను సాధారణంగా పదేళ్లకో, సుమారు 20,000 ల్యాండింగ్‌లకో, ఏది ముందు వస్తే అప్పుడు పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేస్తారు. చాలా విమానాల్లో గేర్ సిలిండర్, పిస్టన్, ఇరుసు వంటి భాగాలను 300ఎం అనే ఉక్కుతో చేస్తారు. మన ఇళ్ల స్లాబుల్లో వేసే 500 గ్రేడ్ టీఎంటీ కడ్డీ చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల దగ్గర సాగడం మొదలుపెడుతుంది. 300ఎం తెగాలంటే 1,900 న్యూటన్లు దాటాలి. అంత గట్టిదనం ఊరికే రాదు. మెత్తని ఉక్కు పగులును చాలాకాలం ఓర్చుకుంటుంది, సాగుతుంది, వంగుతుంది, ముందే తెలియజేస్తుంది. 300ఎం అలా కాదు. ఒత్తిడి ఎక్కువగా ఉండే చోట రెండు మూడు మిల్లీమీటర్ల లోతు పగులు చాలు, ఆ తర్వాతి ల్యాండింగ్‌లో పుటుక్కుమని తెగిపోవచ్చు.

రెక్కలు, బాడీ విషయంలో పద్ధతి వేరు. అక్కడ పగులు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనే అనుకుని, అది ప్రమాదకరంగా పెరిగేలోపు రెండు మూడుసార్లు కంటపడేలా తనిఖీల గడువులు పెడతారు. గేర్ ఉక్కులో పగులు మొదలయ్యాక తెగడానికి పట్టే కాలం చాలా తక్కువ, కాబట్టి ఆ లెక్క ఇక్కడ నడవదు. పరీక్షలు, లెక్కల ఆధారంగా ఒక్కో భాగానికి ఇన్ని ల్యాండింగ్‌లని ఆయుష్షు కడతారు, అది తీరగానే తుక్కులో వేస్తారు. ఆ లెక్కంతా భాగం ఉపరితలం డిజైన్‌లో అనుకున్నట్టే ఉందన్న నమ్మకం మీద నిలబడింది. ఓవర్‌హాల్ సరిగ్గా ఆ ఉపరితలం మీదే పని చేస్తుంది. పాత క్రోమ్ పూత తీసేస్తారు, తుప్పు గుంటలను గ్రైండింగ్‌తో చదును చేస్తారు, మళ్లీ ప్లేటింగ్ (లోహపు పూత) వేస్తారు, వేసినదాన్ని మళ్లీ గ్రైండ్ చేస్తారు. ఈ పనుల్లో ఏది తప్పినా మరమ్మతే పగులుకు విత్తనం వేస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

గ్రైండింగ్ సంగతే చూడండి. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో పనిచేసేవారికి, వీల్ మొద్దుబారినా, కూలెంట్ సరిగ్గా పడకపోయినా ఉక్కు మీద వచ్చే నీలి మచ్చ బాగా తెలుసు. మామూలు షాఫ్ట్ మీద ఆ మచ్చను ఎమరీ కాగితంతో రుద్దేస్తే సరిపోతుంది. గేర్ ఉక్కులో ఆ క్షణపు వేడి చాలా లోతుగా హాని చేస్తుంది. పైపొర ఎర్రగా కాగి వెంటనే కూలెంట్‌తో చల్లారితే గాజులా పెళుసైన మార్టెన్‌సైట్ అనే ఉక్కు రూపం మిగులుతుంది, దాని కింద పొర మెత్తబడుతుంది. పెళుసు పొరలో వెంట్రుక కన్నా సన్నని పగుళ్లు అప్పుడే రావచ్చు, కొన్నాళ్లకు కూడా రావచ్చు. అందుకే క్రోమ్ గ్రైండింగ్‌లో ఒక్కో పాస్‌కు మిల్లీమీటరులో వందో వంతు కూడా దాటకుండా తీస్తారు, వీల్‌ను తరచూ డ్రెస్సింగ్ చేసి పదును పెడతారు.

ఉక్కు బయటికి కనబడుతున్నప్పుడు ఈ కాలిన మచ్చలను నైటాల్ ఎచింగ్‌తో పట్టుకోవచ్చు. పలచని నైట్రిక్ ఆమ్లం తగలగానే మామూలు ఉక్కు బూడిద రంగులోకి మారుతుంది, మెత్తబడిన చోటు నల్లగా, కాలి గట్టిపడిన చోటు దాని మధ్యలో తెల్లగా కనిపిస్తాయి. మచ్చ కనబడితే అనుమతించిన మేరకు తీసి మళ్లీ ఎచింగ్ చేయాలి. ఆమ్లం వల్ల చేరి ఉక్కును పెళుసుబార్చే హైడ్రోజన్ పోవడానికి ఆ తర్వాత బేకింగ్ (ఓవెన్‌లో వేడిచేయడం) తప్పదు. క్రోమ్ వేశాక జరిగిన గ్రైండింగ్‌లో అడుగు ఉక్కు కాలితే నైటాల్‌కు కనబడదు. అప్పుడు బార్క్‌హౌజెన్ పరికరం కావాలి. ఉక్కును అయస్కాంతీకరిస్తున్నప్పుడు లోపల పుట్టే సన్నని విద్యుత్ రొదను అది కొలుస్తుంది. కాలిన చోట ఆ రొద పెరుగుతుంది, పలచని క్రోమ్ పొర అడ్డున్నా తెలుస్తుంది. గ్రైండింగ్ చేసిన ప్రతి భాగానికీ ఈ రెండింట్లో ఏ పరీక్ష ఎప్పుడు చేశారో నివేదికలో ఉండాలి.

రెండో ఇంటి దొంగ హైడ్రోజన్. క్రోమ్, కాడ్మియం ప్లేటింగ్ తొట్టిలో విద్యుత్తుతోపాటు హైడ్రోజన్ కూడా ఉక్కులోకి చొరబడుతుంది. పాత క్రోమ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తీస్తే ఇంకా ఎక్కువ చేరుతుంది. అందుకే ఇంత గట్టి ఉక్కు మీద క్రోమ్‌ను క్షార ద్రావణంలో, భాగాన్ని ఆనోడ్‌గా (ధన ధ్రువంగా) కలిపి తీయాలి. ప్లేటింగ్ అయ్యాక సాధారణంగా 4 గంటల్లోపు ఓవెన్‌లో పెట్టి, సుమారు 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 23 గంటలు ఉంచాలి. ఆ 23 గంటల లెక్క ఓవెన్ గాలి వేడెక్కిన క్షణం నుంచి కాదు, బరువైన సిలిండర్ లోపలిదాకా ఆ వేడికి చేరిన క్షణం నుంచి మొదలవుతుంది. భాగానికే థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) తగిలించాలని అడగడం ఇందుకే. హైడ్రోజన్ పగులు వెంటనే రాదు. లాగుడు ఉన్నచోట గంటలో, రోజులో ఆగి వస్తుంది. ప్లేటింగ్ తొట్టి నుంచి తీయగానే పరీక్షించి "పగుళ్లు లేవు" అని రాస్తే దానికి విలువ లేదు. తొట్టి ఆరోగ్యం తెలియాలంటే గాడి పెట్టిన నమూనా కడ్డీలకు అదే ప్లేటింగ్ వేసి, తెగే బరువులో 75 శాతం 200 గంటలపాటు వేలాడదీస్తారు. ఒక్క కడ్డీ తెగినా ఆ తొట్టిలో మునిగిన భాగాలన్నిటినీ అనుమానించాల్సిందే.

మరమ్మతు పని గేర్‌ను ఎలా విరగ్గొడుతుందో చూపే ఉదాహరణ అమెరికా దర్యాప్తు నివేదికల్లో ఉంది. 2006 జులై 28న మెంఫిస్‌లో దిగిన ఎండీ-10 కార్గో విమానం ఎడమ ప్రధాన గేర్ కుప్పకూలింది. సిలిండర్‌లో గాలి నింపే వాల్వ్ కోసం ఉన్న రంధ్రంలో ఫెటీగ్ పగులు (పదేపదే బరువు పడి వచ్చే పగులు) మొదలైందని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. ఓవర్‌హాల్‌లో నికెల్ ప్లేటింగ్ వేసేటప్పుడు ఆ రంధ్రాన్ని సరిగ్గా మూయకపోవడంతో, ఉండకూడని నికెల్ రంధ్రం గోడ మీద చేరింది. పగులు అక్కడే పుట్టింది. పదేళ్ల తర్వాత, 2016 అక్టోబరు 28న ఫోర్ట్ లాడర్‌డేల్‌లో అదే తరహా విమానానికి ఎడమ గేరే కూలి మంటలంటుకున్నాయి. ఈసారి కూడా పగులు మొదలైంది గాలి వాల్వ్ రంధ్రం దగ్గరే, కానీ కారణం తారుమారైంది. అక్కడ ఉండాల్సిన కాడ్మియం పొర లేదు, తుప్పు గుంట పడింది, గుంట నుంచి పగులు బయల్దేరింది. తయారీదారు చెప్పిన గడువు కన్నా ఎక్కువకాలం ఓవర్‌హాల్ లేకుండా నడపడం కూడా తోడైందని బోర్డు రాసింది. రెండుసార్లూ సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు.

రంధ్రం దగ్గరే ఎందుకంటే, లాగుడు అక్కడ చుట్టుపక్కల కన్నా సుమారు మూడు రెట్లవుతుంది. బస్సు కమాన్ పట్టీ తరచూ సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే విరగడం మన మెకానిక్‌లు చూస్తున్నదే. ప్లేటింగ్ ముందు రంధ్రాలకు రబ్బరు బిరడాలు, మైనం పెట్టి మూయడం చిన్నపనిలా కనిపిస్తుంది, చాలాచోట్ల కొత్తగా చేరిన కుర్రాడికి అప్పగిస్తారు. మా దృష్టిలో అది ఓవర్‌హాల్‌లో అతి ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఏ రంధ్రాన్ని ఎవరు మూశారు, తీశాక లోపల బోరోస్కోప్‌తో (సన్నని గొట్టపు కెమెరాతో) ఎవరు చూశారు అన్నదానికి ఒక్కో రంధ్రానికీ విడిగా సంతకం ఉండాలి.

ఇక పగుళ్ల పరీక్ష. ఉక్కు భాగాలకు ప్రధానంగా ఫ్లోరసెంట్ మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష చేస్తారు, షాపుల్లో ఎంపీఐ అంటారు. భాగాన్ని అయస్కాంతీకరించి, మెరిసే ఇనుప గుండ కలిపిన ద్రావణం పోస్తే పగులు దగ్గర గుండ పోగై అతినీలలోహిత కాంతిలో ఆకుపచ్చ గీతలా వెలుగుతుంది. వినడానికి తేలికే. తప్పేది చిన్న చిన్న చోట్లే. పగులు అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా ఉంటేనే బాగా కనబడుతుంది, కాబట్టి రెండు దిశల్లోనూ అయస్కాంతీకరించి రెండుసార్లు చూడాలి. బోలు సిలిండర్‌లోకి రెండు చివరల నుంచి కరెంటు పంపితే లోపలి గోడ మీద క్షేత్రమే ఉండదు. లోపలి పగుళ్లు చూడాలంటే సిలిండర్ మధ్య నుంచి రాగి కడ్డీ దూర్చి దానిలో కరెంటు పంపాలి. కరెంటు పట్టులు వదులుగా ఉండి నిప్పురవ్వ లేస్తే అదే కొత్త కాలిన మచ్చ, కొత్త పగులుకు చోటు.

అతినీలలోహిత దీపం భాగానికి 38 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు కనీసం 1,000 మైక్రోవాట్లు ఇవ్వాలి. పరీక్ష చేసే చీకటి బూత్‌లో మామూలు వెలుతురు 20 లక్స్ మించకూడదు. మన ఎండలోంచి నేరుగా బూత్‌లోకి వచ్చినవారి కళ్లు చీకటికి అలవాటుపడాలి, నిమిషం కనీస గడువు, ఇంకాస్త ఆగితే మంచిది. ఎండకు నల్లబడే కళ్లద్దాలు ఆ దీపం కింద కూడా నల్లబడతాయి, వాటితో లోపలికి రానివ్వకూడదు. ద్రావణంలో గుండ 100 మిల్లీలీటర్లకు 0.1 నుంచి 0.4 మిల్లీలీటర్లు ఉండాలి. నూనె ద్రావణమైతే గొట్టంలో పోసి గంటసేపు పేరుకోనిచ్చి షిఫ్టుకోసారి చూడాలి. గుండ తగ్గితే పగులు వెలగదు, పెరిగితే భాగమంతా వెలిగి పగులు అందులో కలిసిపోతుంది.

వరస కూడా ముఖ్యమే. షాట్ పీనింగ్ (సన్నని గుళ్లతో వేగంగా కొట్టడం) పైపొరను నొక్కి పగులు రాకుండా కాపాడుతుంది, కానీ అప్పటికే ఉన్న పగులు నోరు కూడా మూసేస్తుంది. కనుక ఎంపీఐ పీనింగ్‌కు ముందే. తుప్పు గుంటను గ్రైండ్ చేసిన చోట పాత పీనింగ్ పొర కూడా పోయినట్టే, మళ్లీ పీనింగ్ చేయకుండా ప్లేటింగ్‌కు పంపకూడదు. క్రోమ్ పొర 0.08 మిల్లీమీటర్లు దాటితే దాని కింద పగులును పట్టే శక్తి తగ్గుతుంది. ప్లేటింగ్‌కు ముందోసారి, తుది గ్రైండింగ్ తర్వాత మరోసారి చూడాలి. ఒకటి చేశాం కదా అని రెండోది వదిలేస్తే కుదరదు. చివర్లో అయస్కాంతత్వాన్ని 3 గాస్ లోపుకు దించాలి, లేకపోతే ఇనుప రజను బేరింగ్‌లలోకి చేరుతుంది.

లగ్‌లలో (పిన్ను దూరే చెవుల్లో) బిగించిన కంచు బుష్‌లు (గొట్టపు తొడుగులు) తీయకుండా వాటి వెనక ఉక్కును ఎంపీఐ చూడలేదు. బుష్ వెనక చెమ్మ చేరి గుంటలు పడడం మామూలే. బుష్ తీసి, రంధ్రం గోడను తిరిగే ప్రోబ్‌తో ఎడ్డీ కరెంట్ పరీక్ష (లోహంలో సుడి విద్యుత్తు పుట్టించి పగులును పట్టడం) చేయాలి. కొత్త బుష్‌ను ద్రవ నైట్రోజన్‌లో చల్లార్చి, సీలెంట్ పూసి కూర్చోబెట్టాలి. అల్యూమినియం, టైటానియం భాగాలకు అయస్కాంతం పనికిరాదు, వాటికి పగుళ్లలోకి ఇంకి మెరిసే ఫ్లోరసెంట్ పెనెట్రెంట్ ద్రవం వాడతారు.

విమానానికి బిగించాక రాంప్ (విమానాలు నిలిపే చోటు) మీద టార్చితో చూస్తే కనిపించేవి లీకులు, పిస్టన్ మీద గీతలు, పెచ్చులూడిన రంగు వంటివే. అర మిల్లీమీటరు పగులు అక్కడ దొరుకుతుందని ఆశపడకూడదు.

మరి చేయాల్సిందేమిటి? హైదరాబాద్‌కు ఉక్కు కొత్త కాదు. కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ ఉంది, ప్రత్యేక లోహాలు తయారుచేసే, 1973లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్ ఉంది. ఆ జ్ఞానం మన పాలిటెక్నిక్‌లకు చేరాలి. మెకానికల్ డిప్లొమా ముగించేసరికి విద్యార్థి కనీసం ఎంపీఐ, పెనెట్రెంట్ పరీక్షలు తన చేతులతో చేసి ఉండాలి. షాపుల్లో తనిఖీదారు ప్రొడక్షన్ మేనేజర్ కింద ఉండకూడదు. డెలివరీ తేదీ దగ్గరపడిన రోజు "ఈ గీత పగులా, గీరుడా" అని తేల్చాల్సిన మనిషికి ఆ తేదీతో సంబంధం ఉండకూడదు. తనిఖీదారు కళ్లకు ఏటా చేయాల్సిన దగ్గరచూపు పరీక్షను సంతకాల తంతుగా మార్చకూడదు.

అన్నిటికన్నా ముందు కదలాల్సింది విమాన సంస్థలు. తక్కువ ధర, త్వరగా తిరిగిచ్చే గడువు చూసి కాంట్రాక్టు ఇచ్చి, సీఏ ఫారం 1 (భాగం వాడకానికి తగినదని ఇచ్చే ధ్రువపత్రం) చేతికి రాగానే గేర్ బిగించేస్తే, ఆ ఫారం వెనక ఏముందో ఎవరూ చూడనట్టే. నైటాల్ నివేదిక, బేకింగ్ చార్టు, రంధ్రాలు మూసిన పత్రం, రెండు ఎంపీఐలను ఎలా చేశారో చెప్పే టెక్నిక్ షీట్లు, ఒక్కో భాగం పుట్టినప్పటి నుంచి చేసిన ల్యాండింగ్‌ల లెక్క గేర్‌తోపాటే రావాలని కాంట్రాక్టులో రాయించుకోవాలి. చార్టులో ప్లేటింగ్ ముగిసిన సమయం, ఓవెన్‌లో పెట్టిన సమయం రెండూ కనబడకపోతే గేర్‌ను తీసుకోకుండా వెనక్కి పంపే హక్కు కూడా అందులోనే ఉండాలి.

ఇట్లు,
ల్యాండింగ్ గేర్ మరమ్మతు, తనిఖీ పనుల్లో ఉన్న కొందరు సాంకేతిక నిపుణులు,
శంషాబాద్, హైదరాబాద్