కాటా గదిలో ఒకటే కిటికీ

బావా,

పాలమూరులో అందరూ కులాసా అనుకుంటాను. జవాబు ఆలస్యమైందని కోపగించుకోకు. యాసంగి ధాన్యం మొదలైతే మిర్యాలగూడ మిల్లుల్లో కాటా గది వదిలి కదలడానికి వీలుండదు.

నీ బిల్లింగ్ ప్రోగ్రాము ఒకటికి రెండుసార్లు తెరుచుకుంటోందని రాశావు. నా కాటా ప్రోగ్రాముదీ అదే గోల. పాత కంప్యూటర్, తెరుచుకోవడానికి అర నిమిషం తీసుకుంటుంది. ఆపరేటరుకు అంత ఓపిక ఎక్కడిది? మళ్ళీ నొక్కుతాడు. బరువు వచ్చే సీరియల్ పోర్టును మొదటిది పట్టుకుని కూర్చుంటుంది, విండోస్ దాన్ని రెండోదానికి ఇవ్వదు. పైకి కనిపించేదేమో రెండోది. కాటా మీద నిండు లారీ, తెర మీద సున్నా! డ్రైవరు తిట్లు కాగితం మీద పెట్టలేను.

మొదట, నడుస్తున్న ప్రోగ్రాముల పేర్లు వెతికి చూశాను. ఎవరో ఫైలుకు 'కాటా కొత్తది' అని పేరు మార్చారు, అంతే సంగతులు. తర్వాత, తెరవగానే ఒక గుర్తు ఫైలు పెట్టి, మూసేటప్పుడు చెరిపేలా రాశాను. మూడో రోజు కరెంటు పోయింది. ఫైలు అలాగే మిగిలింది. కరెంటు వచ్చాక "ఇప్పటికే నడుస్తున్నాను" అని మొండికేసింది. రాత్రి పదకొండు గంటలకు బండి తీశాను.

ఇప్పుడు మ్యూటెక్స్ వాడుతున్నాను, అంటే విండోస్ తన మెమరీలో ఉంచుకునే పేరున్న గుర్తు. క్రియేట్‌మ్యూటెక్స్‌కు ఒక పేరిచ్చి, వెంటనే గెట్‌లాస్ట్‌ఎర్రర్ అడిగితే, ఆ పేరు ముందే ఉన్నప్పుడు 183 అనే ఎర్రర్ నంబరు వస్తుంది. రెండోది అక్కడే తప్పుకోవాలి. మొదటిది కూలిపోయినా గుర్తును విండోసే తీసేస్తుంది. డిస్కు మీద ఉండదు కాబట్టి కరెంటు పోతే తనూ పోతుంది. మా గుమస్తా వేరే లాగిన్‌తో వస్తాడు, అందుకే అన్ని లాగిన్లకూ కనిపించేలా పేరు ముందు గ్లోబల్ అని చేర్చాను. నీది సీ షార్ప్ కదా, మ్యూటెక్స్‌ను మెయిన్ ఫంక్షన్ లోపలి వేరియబుల్‌కు అప్పగించి వదిలేయకు. వాడకంలో లేనివాటిని మెమరీ నుంచి తీసేసే గార్బేజ్ కలెక్టర్ దాన్ని మధ్యలోనే ఊడ్చేయవచ్చు. ప్రోగ్రాము మూసేదాకా నిలిచేలా స్టాటిక్‌గా ఉంచు.

ఇదంతా మొట్టమొదటి వరుసలోనే ఉండాలి. నేను డేటాబేస్ తెరిచాక పెట్టి, ఆ అర నిమిషంలోనే మళ్ళీ దెబ్బతిన్నాను. రెండోది చడీచప్పుడు లేకుండా పోతే ఆపరేటరు పదిసార్లు నొక్కుతాడు. అందుకని పోయే ముందు పాత కిటికీని, అదే మొదటిదాని విండోను, ఫైండ్‌విండోతో వెతికి, పైకి తెచ్చి మరీ పోయేలా చేశాను. అది ఇంకా పుట్టకపోతే 'తెరుచుకుంటోంది' అని ఒక చిన్న మాట చూపిస్తుంది. ఆ మాట చూశాక మనవాడు టీకి వెళ్ళిపోతున్నాడు. అది వేరే తలనొప్పి.

లారీలు తగ్గగానే వస్తాను. కొల్లాపూర్ మామిడిలో నా వాటా ఉంచు.

నీ బావ