లోహాల చదువును పిల్లలకు చూపించండి

సంపాదకుల వారికి,

అయ్యా, మా చీపురుపల్లి చుట్టుపక్కల నేలలో మాంగనీసు ఉంది. పక్కనే గరివిడి, ఫెర్రో అల్లాయ్స్‌కి (ఇనుములో మాంగనీసు లాంటివి కలిపిన మిశ్రమ లోహాలకి) పేరున్న ఊరు. అయినా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో నేను మెటలర్జీ, అంటే లోహాల చదువు, పెట్టుకుంటానంటే ఇంట్లో వారం రోజులు టెన్షన్. "కంప్యూటర్స్ వదిలేసి ఇదేంటమ్మా" అని మావయ్య బాధపడ్డాడు. ఆయన తప్పేమీ లేదు. నేను ఇంటర్ చదివిన కాలేజీలోనే ఈ బ్రాంచి పేరెత్తినవాళ్లు లేరు.

మా బ్రాంచిలో చదివే మెటీరియల్స్ సైన్స్ (పదార్థాల శాస్త్రం) అంటే ఏమిటో మా నాయనమ్మకి బుడితి చెంబు చూపించి చెప్పాను. బుడితి అంటే శ్రీకాకుళం జిల్లాలో ఇత్తడి, కంచు సామాన్లకి పేరున్న ఊరు. రాగిలో జింక్ కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. ఉక్కుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడి పెళుసవుతుంది. తగరం ఎక్కువున్న కంచుని అలాగే ముంచితే పెళుసుతనం తగ్గుతుంది! లోపల పరమాణువుల అమరికే దీనికి కారణం. ఎంత వేడి చేశాం, ఎంత వేగంగా చల్లార్చాం అన్నదాన్ని బట్టి ఆ అమరిక మారుతుంది, దాంతో గుణమూ మారుతుంది. మా నాలుగేళ్ల చదువులో సగం దీని చుట్టూనే. తుంటి ఎముక మార్పిడిలో వాడే టైటానియం కూడా మా పాఠమే. దాని ఖనిజం ఇల్మనైట్ శ్రీకాకుళం తీరం ఇసుకలోనే ఉంది.

విజయనగరం జేఎన్‌టీయూలో మెటలర్జీ బ్రాంచి ఉంది. విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాల ఇంటర్ పిల్లలను ఏడాదికి ఒక్కసారైనా అక్కడి ల్యాబ్‌కి తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద ఉక్కు ముక్కను చూడనివ్వండి. బుడితి పనివాళ్ల దగ్గర ఒక పూట కూర్చోబెట్టండి. వచ్చే కౌన్సెలింగ్ లోపే విద్యాశాఖ అధికారులు దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

- ఒక మెటలర్జీ విద్యార్థిని, చీపురుపల్లి, విజయనగరం జిల్లా