మీ బోర్డు యూఎస్‌బీ డ్రైవ్ విండోస్, మ్యాక్‌లలో తెరుచుకోకపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,
హైదరాబాద్.

అయ్యా,

మేం బెంగళూరు పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో కోల్డ్ స్టోరేజీలకు టెంపరేచర్ లాగర్లు (ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరాలు) తయారుచేస్తాం. లోపల ఉండే లైనక్స్ బోర్డు మీది. కేబుల్ పెడితే విండోస్, మ్యాక్, లైనక్స్ అన్నిట్లోనూ పెన్ డ్రైవ్‌లా తెరుచుకుంటుందని డబ్బా మీద అచ్చేశారు. అది చూసే కొన్నాం.

బొమ్మసంద్రలో మా కస్టమర్ దగ్గర సూపర్‌వైజర్ ఆడిట్ కోసం లాగర్‌ని పీసీకి కలిపాడు. డ్రైవ్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలంది విండోస్. అడిగింది కదా అని అతను సరే నొక్కాడు. ఆ తర్వాత పవర్ తీసి ఇస్తే ఎర్ర ఎల్‌ఈడీ వెలిగిందంతే, బోర్డు బూట్ కాలేదు. నమోదైన రీడింగులు, అంటే లాగులూ లేవు.

మీ ఇంజనీరు గారు ఫోన్‌లో "మా ఉబుంటులో తెరుచుకుంటోందండీ" అన్నారు. ఎందుకు తెరుచుకోదు? ఉబుంటు లైనక్సే, డ్రైవ్‌లో ఉన్నది లైనక్స్ వాడే ఫైల్ సిస్టమ్ (ఫైళ్లు అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4. దాన్ని చదవడం విండోస్‌కీ మ్యాక్‌కీ సొంతంగా రాదు. మా ఆఫీసు మ్యాక్‌లో పెడితే ఈ డిస్కు చదవలేనంటూ ఎజెక్ట్, ఇగ్నోర్ పక్కనే ఇనిషియలైజ్ బటన్ కూడా చూపిస్తోంది. రేపు దాన్నీ ఎవరో ఒకరు నొక్కుతారు.

మీ స్టార్టప్ స్క్రిప్ట్ తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. బోర్డుని పెన్ డ్రైవ్‌లా చూపించే మాస్ స్టోరేజ్ గాడ్జెట్‌కి లాగుల పార్టిషన్ (స్టోరేజీలో ఒక భాగం) ఒక్కటి ఇవ్వాల్సింది పోయి, బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్ ఉండే రూట్ ఫైల్ సిస్టమ్‌తో సహా ఈఎంఎంసీ (బోర్డు మీది స్టోరేజ్ చిప్) మొత్తం ఇచ్చేశారు, అదీ రాసే వీలుతో. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది. పైగా ఈ పద్ధతిలో పీసీకి అందేవి ఫైళ్లు కావు, ముడి బ్లాకులు (స్టోరేజీలోని డేటా ముక్కలు). ఒకే పార్టిషన్‌ని బోర్డూ పీసీ ఒకేసారి మౌంట్ చేసుకుంటే (వాడకానికి తెరిస్తే) ఒకరు రాసేది ఇంకొకరికి తెలియదు, ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. లాగర్ అన్నాక రాస్తూనే ఉంటుంది కదా!

విండోస్‌లో ఈఎక్స్‌టీ4 డ్రైవర్ వేసుకోమన్నారు. ఫ్యాక్టరీ పీసీల్లో ఐటీ వాళ్లు వాల్‌పేపర్ కూడా మార్చనివ్వరు. పోనీ విండోస్, మ్యాక్ చదవగలిగే ఎక్స్‌ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌కి మార్చుకోమన్నారు. మీరిచ్చిన కెర్నల్ (లైనక్స్ మూల భాగం) 4.19, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవర్ మెయిన్‌లైన్‌లోకి (అధికారిక కెర్నల్‌లోకి) వచ్చిందే 2019 చివర్లో, 5.4తో, అదీ స్టేజింగ్‌లోకి (ఇంకా పూర్తిగా సిద్ధం కాని డ్రైవర్ల విభాగంలోకి). మా సీఎస్‌వీ ఫైళ్లు కొన్ని ఎంబీలు దాటవు. అన్నిట్లోనూ తెరుచుకునే ఫ్యాట్32కి ఒక్కో ఫైలు మీదున్న 4 జీబీ హద్దుతో మాకు ఇబ్బందే లేదు.

కాబట్టి లాగులకు విడిగా ఫ్యాట్32 పార్టిషన్ పెట్టి, అదొక్కటే రీడ్ ఓన్లీగా బయటికివ్వండి. కేబుల్ ఉన్నంతసేపు బోర్డు దాన్ని అన్‌మౌంట్ చేసి, రీడింగులు వేరేచోట దాచి, కేబుల్ తీశాక కలపాలి. అలా మార్చిన సాఫ్ట్‌వేర్ ఇమేజ్ ఈ నెలలోపు కావాలి. కస్టమరే ఫార్మాట్ చేశాడు కనుక వారంటీ వర్తించదన్న మీ మెయిల్‌ను మేం ఒప్పుకోం. బోర్డు ఉచితంగా మార్చి ఇవ్వండి. ఇవి తేలేదాకా తర్వాతి ఆర్డర్ ఆపేశాం.

పాడైన బోర్డు కొరియర్‌లో పంపుతున్నాం. జరిగింది డేటాను పూర్తిగా చెరపని క్విక్ ఫార్మాట్ కాబట్టి లాగులు చాలావరకు ఈఎంఎంసీలోనే ఉండవచ్చు. దయచేసి రీఫ్లాష్ చేయకండి (సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించకండి). ముందు ఈఎంఎంసీ మొత్తం డంప్ (యథాతథ కాపీ) తీసి మాకు పంపండి, ఆడిటర్ అడుగుతున్నారు.

ఇట్లు,
ప్రొడక్షన్ మేనేజర్,
పీణ్యా, బెంగళూరు