ఆరో తరగతి నుంచి ఇంకు పెన్ను

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

జూలై నెలలో ఏడో తరగతి తెలుగు నోటు పుస్తకాలు దిద్దుతూ ఒకచోట పేజీ తిప్పబోయి ఆగిపోయాను. ముందువైపు రాసిన పద్యం వెనకవైపు వేలికి తగులుతోంది. కళ్ళు మూసుకుని తడిమినా ఒత్తు ఎక్కడుందో, సున్న ఎక్కడుందో చెప్పగలిగేంత లోతుగా దిగింది బాల్ పెన్ను. ఆ అబ్బాయిని పిలిచి నా ఎదుటే నాలుగు వాక్యాలు రాయమన్నాను. చూపుడు వేలి చివరి కణుపు లోపలికి వంగింది, గోరు తెల్లబడింది, రెండో వాక్యం ముగిసేసరికి వాడు చెయ్యి విదిలించుకున్నాడు. నొప్పిగా ఉందా అని అడిగితే "అలవాటే మేడమ్" అన్నాడు. పన్నెండేళ్ళ పిల్లవాడికి రాయడమంటే నొప్పి అని అలవాటైపోవడం నాకు నచ్చలేదు. ఆ వారమంతా మిగతా తరగతుల పుస్తకాల వెనక పేజీలు కూడా తడిమి చూశాను. ఆ అబ్బాయి ఒక్కడే కాదు.

అందువల్ల తెలుగు, ఇంగ్లీషు ఉపాధ్యాయులతో మాట్లాడి ఒక నిర్ణయం తీసుకున్నాం. దసరా సెలవుల తరువాత 6, 7, 8 తరగతుల పిల్లలు ఈ రెండు భాషల నోటు పుస్తకాలను ఇంకు పెన్నుతో, అంటే లోపల కార్ట్రిడ్జి (సిరా నింపిన చిన్న గొట్టం) అమర్చుకునే సాదా పెన్నుతో రాస్తారు. లెక్కలకూ సామాన్యశాస్త్రానికీ వారికి ఏది వీలైతే అది వాడుకోవచ్చు, బొమ్మలకు పెన్సిలే. తొమ్మిదో తరగతి వారికి ఇది ఐచ్ఛికం. పదో తరగతి పిల్లలు మాత్రం ఈ ఏడాది పెన్ను మార్చవద్దని నా గట్టి సలహా. పబ్లిక్ పరీక్షల ముందు చేతికి కొత్త అలవాటు నేర్పడం మంచిది కాదు.

ఇంకు పెన్ను పట్టగానే చేతిరాత ముత్యాల్లా మారిపోతుందని నేను చెప్పడం లేదు. బాల్ పెన్నుతో రాస్తే రాత పాడవుతుందని మా చిన్నప్పుడు మా మాస్టారు హైస్కూలు దాకా దాన్ని ముట్టనిచ్చేవారు కాదు. అది పూర్తిగా నిజం కాదని నా సహోపాధ్యాయుల అందమైన రాత చూసి తరువాత తెలుసుకున్నాను. నేను ఆశిస్తున్నది ఒక్కటే: పిల్లల చేతివేళ్ళు బిగింపు వదలాలి. అది ఎలా సాధ్యమో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇంట్లో పిల్లలు మిమ్మల్ని అడుగుతారు.

బాల్ పెన్నులో ఉండేది చిక్కటి, నూనె పాళ్ళున్న ముద్దలాంటి ఇంకు. మొన దగ్గరి చిన్న గుండు కాగితం మీద దొర్లితేనే అది బయటికి వస్తుంది. గుండు దొర్లాలంటే పెన్నును నొక్కాలి. పెన్ను నిటారుగా ఉంటే గుండు బాగా తిరుగుతుంది కాబట్టి పిల్లలు తెలియకుండానే మణికట్టును ఎత్తి, పెన్నును నిలబెట్టి, మీద బరువు వేస్తారు. ఇంకు పెన్ను తీరు వేరు. అందులోని సిరా నీళ్ళలా పలచన. పాళీ మధ్యలోని సన్నటి చీలిక, దాని కింద అతుక్కుని ఉండే నాలుక మీది సన్నటి గాడి కలిసి కేశనాళికా చర్య వల్ల, అంటే సన్నటి సందులో ద్రవం దానంతటదే పాకే గుణం వల్ల, సిరాను మొన దాకా తెస్తాయి. మొన కాగితానికి తాకితే చాలు, కాగితమే దాన్ని పీల్చుకుంటుంది. నొక్కవలసిన పని లేదు. నొక్కితే పాళీ రెండు పాయలూ విడిపోయి గీత లావవుతుంది, లేదా సిరా అసలే ఆగిపోతుంది. ఎవరూ కసరకుండానే పెన్ను పిల్లవాడికి తప్పు చూపిస్తుంది. మేమూ మీరూ పదిసార్లు చెప్పేదాన్ని అది ఒక్క గీతలో చెబుతుంది.

సిరా బయటికి పోతున్నకొద్దీ ఆ జాగాలోకి గాలి వెళ్ళాలి. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె సరిగా కారదు, ఎదుటి మూలన రెండో చిల్లు పెడితే ధారగా వస్తుందన్నది మన వంటింట్లో అందరికీ తెలిసిందే. పెన్నులో ఆ రెండో దారి కూడా నాలుకలోనే ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు భౌతికశాస్త్రం మాస్టారు ఒక పాత పెన్నును విప్పి ఇది చూపిస్తానన్నారు.

తెలుగు రాతకు ఈ పెన్ను మరీ నప్పుతుందని నా అభిప్రాయం. మన అక్షరాల్లో గీతల కన్నా మలుపులు ఎక్కువ; 'ఱ', 'ఖ', 'ఋ' వంటివి రాసేటప్పుడు చెయ్యి ఒరుసుకోకుండా తిరగాలి. అయితే పాళీ సన్నగా ఉండాలి. లావు పాళీతో 'క్ష్మ', 'స్త్ర' రాస్తే ఒత్తు మీద ఒత్తు అలుక్కుపోతుంది, వట్రుసుడి కాస్తా చుక్క అవుతుంది. ఫైన్ పాళీ అని అడిగి తీసుకోండి, మీడియం వద్దు.

రాజమహేంద్రవరంలో ఉంటూ ఇంకు పెన్ను గురించి రాస్తున్నప్పుడు రత్నం పెన్నుల మాట ఎత్తకుండా ఉండలేను. కె.వి.రత్నం గారు ఈ ఊళ్ళోనే 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్ను అందుకున్న గాంధీజీ 1935లో వార్ధా నుంచి లేఖ రాస్తూ, విదేశీ పెన్నులకు బదులు వాడదగినదిగా ఉందని మెచ్చుకున్నారు. ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) కడ్డీని లేతు మీద తిప్పి చేతితో చేసే ఆ పెన్నులు ఇప్పటికీ మన ఊరి పేరు నిలబెడుతున్నాయి. మరి మన పిల్లలకు వాటినే ఎందుకు ఇవ్వకూడదని ఇద్దరు తల్లిదండ్రులు అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమే. ఆ పెన్నులు సంప్రదాయంగా బుడ్డిలోంచి ఫిల్లరుతో నేరుగా గొట్టంలోకి సిరా పోసుకునేవి. సిరా సగానికి తగ్గాక గొట్టంలో మిగిలిన గాలి చేతి వేడికీ మన ఎండలకూ వ్యాకోచించి పాళీలోంచి సిరాను బయటికి నెడుతుంది. పెద్దవాళ్ళకు ఈ సంగతి తెలుసు కాబట్టి గొట్టం నిండుగా ఉండేలా చూసుకుంటారు. పదకొండేళ్ళ పిల్లకు ఆ జాగ్రత్త ఉండదు. కార్ట్రిడ్జిలో పట్టే గాలే తక్కువ కనుక ఆ ప్రమాదమూ తక్కువ. పైగా తరగతి గదిలో నలభై సిరాబుడ్డీలను ఊహించుకుంటేనే నాకు గుండె దడ. ఎనిమిదో తరగతి దాటాక, మీ పిల్లకు చెయ్యి కుదిరాక, మన ఊరి పెన్ను ఒకటి కొనిపెట్టండి.

ఇక కొనే సంగతి. వంద రూపాయల లోపు దొరికే, స్టీలు పాళీ ఉన్న పెన్ను చాలు. అంతకన్నా ఖరీదైనది బడికి పంపవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. అది పోయిన రోజున మీకూ మాకూ మీ పిల్లకూ కూడా బాధే. పట్టుకునే చోట మూడు పలకలుగా నొక్కినట్టుండే పెన్ను దొరికితే మంచిది, వేళ్ళు వాటంతటవే సరైన చోట కూర్చుంటాయి. దుకాణంలో మూత తీసి పాళీని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి: చీలిక తిన్నగా ఉండాలి, మొనలో రెండు పాయలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి లేచి ఉంటే అది కాగితాన్ని గీరుతుంది.

కార్ట్రిడ్జి విషయంలో చాలామంది పొరబడతారు. అన్ని కార్ట్రిడ్జులూ అన్ని పెన్నులకూ పట్టవు. స్టాండర్డ్ ఇంటర్నేషనల్ అనే రకంలో చిన్నది దాదాపు 38 మిల్లీమీటర్ల పొడవు ఉండి, ఒక మిల్లీలీటరుకు కాస్త తక్కువ సిరా పడుతుంది. ఆ రకం పట్టే పెన్ను కొంటే ఏ కంపెనీ చేసిన ఆ రకం కార్ట్రిడ్జి అయినా నడుస్తుంది. పార్కర్, లామీ, పైలట్ పెన్నులకు మాత్రం వాటి సొంత కార్ట్రిడ్జులే కావాలి. అమెరికా నుంచి మేనమామ పంపిన మంచి పెన్ను ఆరో తరగతిలో ఒకరి దగ్గర ఇప్పటికే ఉంది. దాని కార్ట్రిడ్జులు అయిపోయాయి, ఊళ్ళో దొరకడం లేదు, పెన్ను డబ్బాలో పడుకుంది. కొనేముందే దుకాణదారును అడిగి, విడి కార్ట్రిడ్జుల పెట్టె కూడా అక్కడే దొరుకుతుందో లేదో చూసుకోండి.

కార్ట్రిడ్జిని అమర్చేటప్పుడు సన్నటి మూతి ఉన్న వైపు పాళీ భాగంలోకి తిన్నగా నొక్కితే టక్కుమని పొర చిట్లుతుంది. కొన్నింటిలో పొరకు బదులు చిన్న గుండు ఉండి లోపలికి జారుతుంది, తరువాత పెన్ను కదిపితే గలగలమనేది అదే. ఆ తరువాత పాళీని కిందికి ఉంచి కొన్ని నిమిషాలు ఓపిక పట్టాలి. ఓపిక లేని పిల్లలు విదిలిస్తారు, ముందు బెంచీ వాళ్ళ చొక్కాల మీద చుక్కలు పడతాయి. మా కాలంలో ఇదే నేరానికి నేను గోడ కుర్చీ వేశాను. ఈ కాలంలో ఆ శిక్ష వేయం; చుక్కలు పడిన బెంచీ తుడిచే పని ఆ పిల్లలదే.

ఖాళీ అయిన గొట్టాలను పారేయకుండా తిరిగి నింపుకోవచ్చు. సిరాబుడ్డి ఒకటి కొని ఇంట్లో పెట్టుకుని, మందుల షాపులో దొరికే సూది లేని సిరంజికి మొన మొద్దుగా ఉన్న గొట్టం తగిలించి నింపితే నెలకు అయ్యే ఖర్చు బాగా తగ్గుతుంది, చెత్తబుట్టలో చేరే ప్లాస్టిక్కూ తగ్గుతుంది. ఇది పెద్దలే చేయవలసిన పని. అదే గొట్టాన్ని పదే పదే వాడితే మూతి వదులై కారుతుంది కనుక కొన్నిసార్లకు మార్చేయండి. ఫౌంటెన్ పెన్ను సిరా తప్ప మరేదీ పోయకండి. బొమ్మలకు వాడే ఇండియన్ ఇంకు పెన్నులో పోస్తే గడ్డకట్టి నాలుకను శాశ్వతంగా మూసేస్తుంది. పిల్లలకు ఉతికితే పోయే రాయల్ బ్లూ సిరా కొనండి. అది ఎండకు వెలిసిపోతుంది కాబట్టి అర్జీలకూ దరఖాస్తులకూ మాత్రం పనికిరాదు.

యూనిఫాం మీద మరకలు తప్పవు. మరక పడిన వెంటనే చన్నీళ్ళ కింద పట్టి, రుద్దకుండా నీళ్ళు పారనివ్వండి, తరువాతే సబ్బు. వేడి నీళ్ళూ ఇస్త్రీ వేడీ మరకను గట్టిపరుస్తాయి. బడిలో మా ఆయా దగ్గర పాత గుడ్డలు ఉంటాయి, తరగతిలో సుద్దముక్కలు ఎలాగూ ఉంటాయి. పేజీ మీద బొట్టు పడితే సుద్దముక్క పక్కను దానికి ఆనిస్తే తాగేస్తుందని నాలుగు రోజుల్లోనే పిల్లలే కనిపెడతారు, మేమూ అలాగే కనిపెట్టాం. సిరా మరక చూసి ఇంట్లో పిల్లలను కొట్టవద్దు, తిట్టవద్దు. భయపడిన చెయ్యి మళ్ళీ బిగుసుకుంటుంది, మేము మొదలుపెట్టిన పని అక్కడికక్కడే చెడిపోతుంది.

ఎడమచేతి వాటం పిల్లల తల్లిదండ్రులతో ఒక్క మాట. రాస్తున్నకొద్దీ అరచేతి అంచు తడి సిరా మీదుగా జరుగుతుంది కాబట్టి వీరికి ఇంకు పెన్ను కొంత ఇబ్బందే. పుస్తకాన్ని గడియారం ముల్లు తిరిగే దిశలో బాగా వాలుగా పెట్టుకుని, చేతిని గీత కిందే ఉంచి రాస్తే చాలావరకు సర్దుకుంటుంది. త్వరగా ఆరే సిరా, మరీ సన్నటి పాళీ కూడా సాయపడతాయి. నెల రోజులు ప్రయత్నించాక కూడా కష్టమనిపిస్తే ఆ పిల్లలు నిరభ్యంతరంగా పాత పెన్నే వాడుకోవచ్చు. ఈ వంకన ఎవరి చేతినైనా కుడికి మార్చాలని చూస్తే నేను ఒప్పుకోను.

నోటు పుస్తకాల గురించి కూడా చెప్పాలి. పలచటి కాగితం మీద సిరా వేళ్ళు పారినట్టు పాకుతుంది, వెనక పేజీకి దిగుతుంది. ఈ రెండు భాషలకు 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువు) కాగితం పుస్తకాలు కొనండి; అట్ట వెనక ఆ సంఖ్య సాధారణంగా రాసి ఉంటుంది. మొదటి సగంలో కొన్న పుస్తకాలు మిగిలి ఉంటే అవి లెక్కలకు పనికొస్తాయి, పారేయనక్కర లేదు. ఓఎంఆర్ పత్రాల వలయాలు నింపడానికి బాల్ పెన్నే వాడాలి కనుక పెట్టెలో అదీ ఒకటి ఉండనివ్వండి.

సెలవుల్లో వారం పది రోజులు వాడకపోతే పెన్ను ఎండిపోవచ్చు. రాయడం లేదని పారేయవద్దు. కార్ట్రిడ్జి తీసి, పాళీ భాగాన్ని గ్లాసెడు మామూలు నీళ్ళలో రాత్రంతా ఉంచితే నీలం మబ్బులా సిరా దిగుతుంది. నీళ్ళు తెల్లబడేదాకా మార్చి, గుడ్డ మీద పాళీ కిందికి పెట్టి ఆరనిస్తే మళ్ళీ రాస్తుంది. స్పిరిట్టూ మరిగే నీళ్ళూ వద్దు. సంచిలో పెన్నును ఎప్పుడూ మూత పెట్టి, పాళీ పైకి ఉండేలా నిలబెట్టి ఉంచమనండి.

సెలవుల తరువాత బడి తెరిచిన మొదటి శనివారం ఉదయం 10 గంటలకు గ్రంథాలయ గదిలో పెన్నులు విప్పడం, కడగడం, నింపడం చూపిస్తాం. అమ్మానాన్నల్లో ఎవరైనా, తాతయ్యలూ అమ్మమ్మలూ వస్తే మరీ సంతోషం, ఎందుకంటే ఈ విద్య మాకన్నా వారికే బాగా తెలుసు. కొత్త పెన్నుతో పాటు చేతులు తుడుచుకునే పాత నూలు గుడ్డ ఒకటి తెచ్చుకోండి. పెన్ను కొనడం ఎవరికైనా భారమైతే తరగతి ఉపాధ్యాయులతో ఒక్క మాట అనండి. బడి తరఫున కొన్న పెన్నులు నా బల్ల సొరుగులో ఉన్నాయి, ఎవరికి ఇచ్చామన్నది మా ఇద్దరికే తెలుస్తుంది.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు