కొవ్వు కరగడానికి వేగమా, సమయమా?

సభ్యులందరికీ నమస్కారం. నెమ్మదిగా నడిచినప్పుడు శరీరం వాడుకునే ఇంధనంలో కొవ్వు వాటా ఎక్కువన్నది నిజమే కానీ, వేగం పెంచితే అదే అరగంటలో ఖర్చయ్యే మొత్తం కేలరీలు పెరుగుతాయి కాబట్టి, ట్రెడ్‌మిల్‌పై కనిపించే 'ఫ్యాట్ బర్న్' గుర్తును పట్టుకుని వేలాడనవసరం లేదు. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 కేలరీలు. పార్కు గేటు దగ్గర రెండు వేడి మిర్చి బజ్జీలు తింటే ఆ కేలరీలు తిరిగి వచ్చేస్తాయి (ఈ మాట నాకూ వర్తిస్తుంది). ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం గానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం గానీ సూచించింది. వ్యాయామం చేస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యస్థం. గుండె సమస్య, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు వైద్యులను అడగకుండా పరుగుకు దిగవద్దు.