సగం పైపు మార్చి చేతులు దులుపుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

సీసం పైపుల మాట ఎత్తితే చాలు, "అవి ఎప్పటివో కదా, ఇంకా ఎక్కడున్నాయి?" అంటారు చాలామంది. భూమిలోనే ఉన్నాయి. అమెరికాలో కొత్తగా సీసం పైపులు వేయడాన్ని 1986లోనే నిషేధించారు. అయినా 2024లో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ, వాటిని పదేళ్లలో తొలగించాలని నిబంధన తెచ్చేనాటికి, సుమారు 90 లక్షల ఇళ్లకు ఆ పైపుల్లోంచే నీళ్లు వెళ్తున్నట్టు అంచనా వేసింది. అప్పటికే వేసిన పైపులను తవ్వి తీయమని ఆనాటి చట్టం చెప్పలేదు మరి.

పైపు లోపల ఏళ్ల తరబడి పేరుకున్న పొర సీసాన్ని కొంతవరకు అడ్డుకుంటుంది. ఆ పొర చెదరకుండా నీళ్లలో ఫాస్ఫేట్ కలుపుతారు. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో 2014లో ఖర్చు తగ్గుతుందని నీటి వనరు మార్చారు, కలపాల్సిన ఆ మందు కలపలేదు. పొర కరిగి సీసం కుళాయిల్లోకి వచ్చింది. జనం నీళ్ల సీసాలు పట్టుకొచ్చి చూపిస్తున్నా అధికారులు ఏం భయం లేదన్నారు. మరుసటి ఏడాది పిల్లల డాక్టర్ మోనా హన్నా-అటీషా చిన్నారుల రక్త పరీక్షల వివరాలు బయటపెట్టాక గానీ కదలిక రాలేదు. నీళ్లలో కలిసిన సీసానికి రంగు, వాసన, రుచి ఉండవు. కాచినా పోదు. పసిపిల్లల మెదడుకు ఇంతవరకైతే ఫర్వాలేదు అనే మోతాదే లేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది సగం సగం మరమ్మతు. రోడ్డు కింది మెయిన్ (ప్రధాన పైపు) నుంచి ఇంటి హద్దు దాకా మా బాధ్యత, అక్కడి నుంచి మీదే అంటాయి చాలా నీటి సంస్థలు. తమ వంతు మార్చి, మిగతాది వదిలేసి వెళ్తాయి. పాత పైపును కోసినప్పుడు కదిలిన సీసం రేణువులు కొన్నాళ్లపాటు నీళ్లలో వస్తూనే ఉంటాయి. మిగిలిన సీసం ముక్కకు రాగి పైపు అతికితే ఆ జాయింటు దగ్గర అది ఇంకా త్వరగా కరుగుతుంది. అంటే డబ్బూ ఖర్చయింది, ముప్పూ పెరిగింది! సొంత ఖర్చుతో తవ్వించుకోలేని పేదవాడు, ఓనర్ ఒప్పుకోని అద్దెదారు ఏం చేయాలి?

న్యూజెర్సీలోని న్యూవర్క్ నగరం ఈ పేచీ పెట్టుకోలేదు. మూడేళ్లలోపే సుమారు 23 వేల పైపులను మెయిన్ నుంచి ఇంటిదాకా ఉచితంగా మార్చింది. ఓనర్ అందుబాటులో లేకపోయినా పని ఆగకుండా నిబంధన మార్చుకుంది. కాబట్టి కుదరదు అనే మాట నేను ఒప్పుకోను.

నీళ్లు ఇంట్లోకి వచ్చే చోట పైపును నాణెంతో మెల్లగా గీకి చూడండి. మెత్తగా ఉండి, గీత వెండిలా మెరిసి, అయస్కాంతం అంటుకోకపోతే అది సీసమే కావచ్చు. కానీ ఈ వెతుకులాట ప్రజల నెత్తిన వేయకూడదు. ఏ ఇంటికి ఏ పైపు ఉందో నీటి సంస్థలే జాబితా ప్రకటించాలి, మొత్తం పైపును ప్రజాధనంతో మార్చాలి. ఆ పని పూర్తయ్యేదాకా పాలపొడి కలుపుకొనే పసిబిడ్డలున్న ఇళ్లకు, గర్భిణులున్న ఇళ్లకు సీసాన్ని వడగట్టే ఫిల్టర్లు ముందుగా ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు